తోళ్ల కంపెనీ లెక్కల్లో దొరికిన శాస్త్రం

జీవులకు, వాటి పరిసరాలకు ఉన్న సంబంధాలను చదివే జీవావరణ శాస్త్రానికి (ఎకాలజీ) జర్మన్ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ హెకెల్ 1866లోనే పేరు పెట్టాడు. కానీ చాలాకాలం దాన్ని నడిపించింది మొక్కల వాళ్లే. 1913లో ఏర్పడ్డ బ్రిటిష్ ఎకలాజికల్ సొసైటీకి తొలి అధ్యక్షుడైన ఆర్థర్ టాన్స్‌లీ కూడా వృక్షశాస్త్రజ్ఞుడే. కారణం మామూలుదే. మొక్క ఉన్నచోటే ఉంటుంది కాబట్టి లెక్కపెట్టొచ్చు. జంతువు పరిగెడుతుంది, దాక్కుంటుంది, సగం జంతువులు రాత్రిపూట గానీ బయటికి రావు. జంతువుల మీద ఎవరూ పనిచేయలేదని కాదు. జర్మనీలో కార్ల్ మోబియస్ ఆల్చిప్పల దిబ్బల మీద 1877లో రాశాడు, అమెరికాలో విక్టర్ షెల్‌ఫర్డ్ 1913లో పుస్తకమే వేశాడు. అయినా లెక్కల కొరత తీరలేదు.

1921లో ఆక్స్‌ఫర్డ్ విద్యార్థి చార్లెస్ ఎల్టన్, తన 21వ ఏట, ఆర్కిటిక్‌లోని స్పిట్స్‌బెర్గెన్‌కు వెళ్లిన బృందంలో చేరాడు. అక్కడ జంతుజాతులు చాలా తక్కువ. ఎవరు ఎవరిని తింటున్నారో చూడటానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. వేసవిలో పక్షులను తినే ఆర్కిటిక్ నక్క, చలికాలంలో ధ్రువపు ఎలుగు తిని వదిలేసిన సీల్ మాంసం మీద బతుకుతుంది. ఇలాంటి సంబంధాలన్నీ కలిపి ఎల్టన్, వృక్షశాస్త్రజ్ఞుడు సమ్మర్‌హేస్ 1923లో ఒక పటం గీశారు. ఇప్పుడు మన పిల్లలు బడిలో గీసే ఆహార జాలానికి అది పెద్దన్నలాంటిది.

అదే 1923లో మరోసారి ఆర్కిటిక్‌కు వెళ్లి తిరిగి వస్తూ, నార్వేలోని ట్రోమ్సో ఊళ్లో, ఆ దేశపు క్షీరదాల మీద జంతుశాస్త్రజ్ఞుడు కొలెట్ రాసిన పుస్తకం ఎల్టన్ కొన్నాడు. లెమ్మింగ్ అనే చిన్న ఎలుకజాతి ఏ ఏడాదుల్లో విపరీతంగా పెరిగిందో అందులో ఉంది. మూడు నాలుగేళ్లకోసారి అదే తంతు. ప్రకృతిలో అంతా సమతూకంగా ఉంటుందన్న పాత నమ్మకం ఇక్కడే బీటలు వారింది.

మరి ఇంకెక్కడ లెక్కలున్నాయి? వ్యాపారుల దగ్గర! ఎల్టన్ 1925 నుంచి 1931 దాకా హడ్సన్స్ బే కంపెనీకి సలహాదారుగా పనిచేశాడు. కెనడాలో ఏటా ఎన్ని తోళ్లు కొన్నదీ ఆ కంపెనీ రాసిపెట్టుకునేది. లింక్స్ అనే అడవిపిల్లి తోళ్ల సంఖ్య సుమారు పదేళ్లకోసారి పెరిగి తగ్గేది. 1736 దాకా వెనక్కి వెళ్లిన ఆ లెక్కలను ఎల్టన్, మేరీ నికల్సన్ 1942లో ప్రచురించారు. అయితే ఇక్కడ కాస్త జాగ్రత్త అవసరం. తోళ్ల లెక్క జంతువుల లెక్క కాదు. ధర పెరిగినా, వేటగాళ్లు ఎక్కువైనా తోళ్లు పెరుగుతాయి.

ఇటలీలోనూ దాదాపు ఇదే కథ. మొదటి ప్రపంచ యుద్ధంలో చేపల వేట తగ్గినప్పుడు, ఏడ్రియాటిక్ తీరం మార్కెట్లకు వచ్చే చేపల్లో వేటాడే జాతుల వాటా పెరిగిందని ఉంబెర్టో డాంకోనా గమనించాడు. ఆయన మామగారు, గణితవేత్త వీటో వోల్టెరా, 1926లో దానికి సమీకరణాలు రాశాడు.

1927లో వచ్చిన ఎల్టన్ పుస్తకం 'యానిమల్ ఎకాలజీ' ఆహార గొలుసు, నిచ్ (తన సమూహంలో ఒక జంతువు పోషించే పాత్ర), సంఖ్యా పిరమిడ్ (గొలుసులో పైకి వెళ్లేకొద్దీ జంతువుల సంఖ్య తగ్గడం) వంటి భావనలను ఒకచోటికి చేర్చింది. 1932లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన జంతు జనాభా బ్యూరో పెట్టాడు, 'జర్నల్ ఆఫ్ యానిమల్ ఎకాలజీ'కి తొలి సంపాదకుడయ్యాడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఆ బ్యూరో పని తిండిగింజలను ఎలుకల నుంచి కాపాడటం వైపు మళ్లింది. 1967లో ఎల్టన్ రిటైరవగానే విశ్వవిద్యాలయం దాన్ని మూసేసింది.