పరాయి దేశపు సెలవుల మధ్య మన ప్రయాణం: అపోహలు - వాస్తవాలు

విదేశీ టూర్లకు రూట్లు వేసి, హోటళ్లు, రైళ్లు బుక్ చేసి, వీసా కాగితాలు సర్దిపెట్టడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది విమాన టికెట్ ధరను పది సైట్లలో పోల్చి చూసుకునే వస్తారు. దిగే రోజు అక్కడ సెలవేమోనని చూసేవాళ్లు మాత్రం తక్కువ. ఆ కొద్దిమంది కూడా నెట్‌లో దొరికిన సెలవుల పట్టిక చూసి అంతటితో వదిలేస్తారు. అందులో తేదీ ఉంటుంది, పండగ పేరు ఉంటుంది. ఆ రోజు అక్కడి జనం ఏం చేస్తారన్నది ఉండదు. తలుపులేసుకుని ఇంట్లో ఉంటారా, సొంతూళ్లకు బయల్దేరతారా, పిల్లాపాపలతో చూడదగ్గ చోట్ల మీద పడతారా? నేను ముందు అడిగేది ఇదే, ఎందుకంటే ఒక్కోదానికి ప్లాన్ ఒక్కోలా ఉంటుంది.

అపోహ: సెలవంటే అన్నీ మూసేస్తారు.

ఒకే ఊళ్లో, ఒకే రోజు సంగతి చూడండి. ఆగస్టు 15 ఇటలీలో ఫెర్రగోస్తో అనే వేసవి పండగ సెలవు. రోమ్‌లో వాటికన్ మ్యూజియంలు ఆ రోజు మూసే ఉంటాయి. కొలోసియం మాత్రం తెరిచే ఉంటుంది. కుటుంబాలు నడుపుకునే చిన్న దుకాణాలు చాలావరకు ఆ వారమంతా తాళం వేసుకుంటాయి, ఓనర్లు సముద్రతీరానికి వెళ్లిపోతారు కాబట్టి. దక్షిణ కొరియాలో ఇంకో తీరు. చుసాక్ అనే పంటల పండగ సెలవులకు సగం సియోల్ సొంతూళ్ల దారి పడుతుంది, కానీ గ్యాంగ్‌బోక్‌గుంగ్ లాంటి ప్యాలెస్‌లు తెరిచే ఉంచుతారు, పైగా ప్రవేశం ఉచితం. అక్కడ దొరకనిది రైలు సీటు. సియోల్‌లోనే ఉండిపోయేవాళ్లకు చుసాక్ హాయిగా గడుస్తుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే బుసాన్ వెళ్లి రావాలంటే టెన్షన్ తప్పదు.

నిజంగానే అన్నీ ఆగిపోయే రోజు చూడాలంటే డిసెంబర్ 25న లండన్. మెట్రో నడవదు, సిటీ బస్సులు ఉండవు, రైళ్లూ ఉండవు. విమానాలు మాత్రం దిగుతూనే ఉంటాయి. ఆ రోజు టికెట్ చవగ్గా కనిపించిందని కొనేముందు, ఎయిర్‌పోర్ట్ నుంచి హోటల్‌కు ఎలా వెళ్తారో ఆలోచించుకోండి. టాక్సీ అయినా, నడిచే ఒకటీ అరా కోచ్ అయినా ముందే బుక్ చేసుకోవాలి. టికెట్‌లో మిగిలిన డబ్బు చాలాసార్లు ఆ టాక్సీకే సరి.

అపోహ: పట్టికలో లేని రోజు మామూలు రోజే.

నా లెక్కలో అన్నిటికంటే ఎక్కువ ఖర్చు పెట్టించే అపోహ ఇదే. జపాన్ అధికారిక సెలవుల జాబితాలో కొత్త సంవత్సరానికి ఉండేది జనవరి 1 ఒక్కటే. కానీ ప్రభుత్వ ఆఫీసులు డిసెంబర్ 29 నుంచి జనవరి 3 దాకా తెరవరు, ప్రైవేటు సంస్థలు చాలావరకు అదే దారి. పూర్వీకులను తలుచుకునే ఓబోన్ పండగ సంగతి మరీ విచిత్రం. ఆగస్టు నడిమి రోజుల్లో దేశంలో చాలామంది పూర్వీకుల ఊళ్లకు ప్రయాణమవుతారు, జాబితాలో దాని పేరే ఉండదు. ఆ రద్దీ ఎంతంటే, ఓబోన్‌కూ, సంవత్సరాంతానికీ, ఏప్రిల్ చివర మొదలయ్యే వరుస సెలవుల గోల్డెన్ వీక్‌కూ టోక్యో-ఒసాకా మార్గంలో నడిచే నొజొమి బుల్లెట్ రైళ్లలో అన్‌రిజర్వ్‌డ్ సీట్లే ఎత్తేస్తారు. రిజర్వేషన్ ప్రయాణానికి నెల ముందు, అక్కడి టైం ప్రకారం ఉదయం 10 గంటలకు తెరుస్తారు. పండగ వారానికైతే ఆ 10 గంటలకే కూర్చుని బుక్ చేయాలి, సాయంత్రం చూద్దాంలే అంటే కుదరదు.

యూరప్‌లో ఇదే ఇంకో రూపంలో వస్తుంది. ఈస్టర్ తర్వాత వచ్చే క్రైస్తవ పండగ అసెన్షన్ ఎప్పుడూ గురువారమే పడుతుంది, 2026లో మే 14న. శుక్రవారం అధికారికంగా పనిదినమే. ఆ ఒక్క రోజుకు లీవు పెట్టేస్తే నాలుగు రోజులు కలిసొస్తాయి కదా, ఫ్రాన్స్, జర్మనీల్లో చాలామంది చేసేది అదే. కాబట్టి పట్టిక ముందు పెట్టుకుని గురువారాలు, మంగళవారాలు పడిన సెలవులు ఏవో గుర్తు పెట్టండి. గదుల ధరలు పైకి లేచేవి అక్కడే.

అపోహ: ఈ సోమవారం సెలవు కాబట్టి మ్యూజియం మంగళవారానికి పెట్టుకుంటే చాలు.

జపాన్‌లో ఇది సరిగ్గా తలకిందులు. టోక్యో నేషనల్ మ్యూజియంకు వారపు సెలవు సోమవారం. కానీ సోమవారం జాతీయ సెలవైతే తెరిచి, ఆ మర్నాడు మూస్తుంది. అక్కడ చాలా మ్యూజియంలది ఇదే పద్ధతి. పైగా జపాన్‌లో కొన్ని సెలవులను చట్టప్రకారం సోమవారాలకే జరిపేశారు: జనవరి, అక్టోబర్‌లలో రెండో సోమవారం, జూలై, సెప్టెంబర్‌లలో మూడో సోమవారం. అంటే ఏడాదికి సుమారు నాలుగుసార్లు, మంగళవారం ప్లాన్ పెట్టుకున్నవాళ్లు మూసిన గేటు దగ్గర నిలబడతారు. పారిస్‌లో లూవ్ర్‌కు వారపు సెలవే మంగళవారం. అది కాక జనవరి 1, మే 1, డిసెంబర్ 25 కూడా తెరవరు. చూడాలనుకున్న చోటు వెబ్‌సైట్‌లో ఆ తేదీ పెట్టి చూడటానికి మించిన మార్గం లేదు. మ్యాప్‌లో కనిపించే వేళల్ని పండగ రోజుల్లో నేను నమ్మను.

అపోహ: దేశమంతటికీ ఒకే సెలవులు.

జర్మనీలో ఏ సెలవన్నది చాలావరకు రాష్ట్రాన్ని బట్టి. కార్పస్ క్రిస్టీ అనే క్యాథలిక్ పండగ నాడు మ్యూనిక్‌లో దుకాణాలు మూసేస్తారు, బెర్లిన్‌లో అది మామూలు గురువారం. ఆగస్టు 8 ఆగ్స్‌బర్గ్ నగరానికి మాత్రమే సెలవు. బ్రిటన్‌లో ఆగస్టు బ్యాంక్ హాలిడే స్కాట్లండ్‌లో మొదటి సోమవారం, ఇంగ్లండ్‌లో ఆఖరి సోమవారం. జూన్ 29 రోమ్ నగరానికి సొంత సెలవు. మీ పట్టిక దేశానిదైతే చాలదు, వెళ్లే ఊరిది చూడాలి.

అపోహ: తేదీలు ఏడాది ముందే తెలిసిపోతాయి.

చాలావాటికి నిజమే. రంజాన్, బక్రీద్ పండగలు మాత్రం ఏటా అంతకుముందు ఏడాది కంటే 10, 11 రోజులు ముందే వస్తాయి, చాలా దేశాల్లో ఆఖరి నిర్ణయం నెలవంక కనిపించాకే. కాబట్టి ఆ చుట్టుపక్కల రోజుల్లో డబ్బు తిరిగిరాని బుకింగ్‌లు పెట్టను. ఈస్టర్‌కు రెండు క్యాలెండర్లు: 2026లో ఇటలీ, ఫ్రాన్స్‌లలో ఏప్రిల్ 5న, గ్రీస్‌లో ఏప్రిల్ 12న. ఒకే ట్రిప్‌లో రోమ్, ఏథెన్స్ పెట్టుకున్నవాళ్లకు రెండుసార్లు తగులుతుంది.

చైనాది మరో చిక్కు. వరుసగా సెలవులు కలిసిరావడానికి ప్రభుత్వం కొన్ని శని, ఆదివారాలను పనిదినాలుగా మారుస్తుంది. మరుసటి ఏడాది సర్దుబాట్లు ప్రకటించేది మామూలుగా ముందు ఏడాది చివర్లోనే. వ్యాపార పనుల మీద వెళ్లేవాళ్లు ఆ ప్రకటన వచ్చాకే మీటింగులు ఖాయం చేసుకుంటే మంచిది.

అపోహ: పండగ రోజు ఒక్కటి తప్పిస్తే చాలు.

ఆ రోజు నిజానికి కాస్త తెరిపిగానే ఉంటుంది. ఒత్తిడంతా బయల్దేరే రోజు, తిరిగొచ్చే రోజు. చైనాలో అక్టోబర్ 1న మొదలయ్యే జాతీయ దినోత్సవ సెలవులకు సెప్టెంబర్ 30 సాయంత్రమే స్టేషన్లు కిక్కిరిసిపోతాయి. వసంత పండగ, అంటే చైనా కొత్త సంవత్సరపు రాకపోకల సీజన్‌ను అక్కడి రవాణా శాఖ ఏకంగా 40 రోజులుగా లెక్కిస్తుంది. రైలు టికెట్లేమో మామూలుగా 15 రోజుల ముందే అమ్మకానికి పెడతారు. అలాంటి వారంలో వెళ్లక తప్పదంటే ఊరు మారకండి. ఒక్క నగరం ఎంచుకుని, అక్కడే దిగి, అక్కడి నుంచే తిరుగు విమానం ఎక్కండి. కస్టమర్లు మొదట ఒప్పుకోరు, ఇంత దూరం వచ్చి ఒక్క ఊరేనా అంటారు. నేను మాత్రం పట్టుబడతాను.

అపోహ: పండగ రోజే దిగితే సంబరం చూడొచ్చు.

బాలిలో న్యేపి, అంటే అక్కడి హిందువుల కొత్త ఏడాది మౌనదినం నాడు దిగడానికే ఉండదు. ఉదయం 6 నుంచి మర్నాడు ఉదయం 6 దాకా విమానాశ్రయం మూసేస్తారు. వీధిలోకి రాకూడదు, వెలుతురు బయటికి కనపడకూడదు, పర్యాటకులైనా హోటల్ ఆవరణ దాటకూడదు. అత్యవసర వైద్యానికే మినహాయింపు. సంబరం చూడాలనుకుంటే ముందు రోజు సాయంత్రానికే అక్కడ ఉండాలి, ఓగో-ఓగో అనే భారీ భూతాల బొమ్మల ఊరేగింపు అప్పుడే. ఇజ్రాయెల్‌లో యూదుల ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్‌కు కూడా బెన్ గురియన్ విమానాశ్రయం మూసేస్తారు.

అపోహ: వీసాకూ సెలవులకూ సంబంధం లేదు.

ఎంబసీలు సాధారణంగా రెండు దేశాల సెలవులూ పాటిస్తాయి: తమ దేశానివి కొన్ని, తాము ఉన్న దేశానివి కొన్ని. యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా నిర్ణయానికి మామూలు గడువు 15 రోజులు. అవి క్యాలెండర్ రోజులు. మధ్యలో నాలుగు సెలవులు పడితే ఫైలు చూడటానికి మిగిలే పనిదినాలు అంతమేర తగ్గుతాయి. అదనపు పరిశీలన అవసరమంటే గడువు 45 రోజుల దాకా వెళ్లొచ్చు. దరఖాస్తు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు కాబట్టి డిసెంబర్ ఆఖరి ప్రయాణానికి సెప్టెంబర్‌లోనే స్లాట్ తీసుకోమంటాను. ఎంబసీ సొంత సెలవుల జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, అపాయింట్‌మెంట్ తీసుకునేముందు అది ఒకసారి తెరిచి చూడండి.