టీనేజ్ ఫాంటసీ నవలాకారుల జీవితం: అపోహలు - వాస్తవాలు

పిల్లతనం దాటి పెద్దతనం ఇంకా అందని వయసువారి కోసం మాయాలోకపు నవలలు రాయడం నా వృత్తి. రాయాలనే కోరికతో వచ్చే యువతీయువకులూ, వారి తల్లిదండ్రులూ నాతో చెప్పే మాటల్లో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ వినిపిస్తుంటాయి.

అపోహ: ప్రతిభ ఉంటే పదిహేనేళ్లకే ఒక్క నవలతో పేరు వచ్చేస్తుంది.

వాస్తవం: దీనికి అందరూ చూపే ఉదాహరణ అమెరికాలోని మోంటానాలో పెరిగిన క్రిస్టఫర్ పావొలీని. ఆయన తన మాయాలోకపు నవల ‘ఎరగాన్’ మొదలుపెట్టింది పదిహేనేళ్లకే అన్న మాట నిజం. అయితే మొదటి చిత్తుప్రతికి ఒక ఏడాది, దానిని తిరగరాయడానికి మరో ఏడాది పట్టింది. ఆ తరువాత 2002లో తల్లిదండ్రులే తమ చిన్న ప్రచురణ సంస్థ ద్వారా దానిని అచ్చువేయగా, ఆయన మధ్యయుగపు దుస్తులు ధరించి వందకు పైగా బడులకూ గ్రంథాలయాలకూ వెళ్లి, తన పుస్తకం గురించి తానే చెప్పుకున్నారు. నవలాకారుడు కార్ల్ హయాసెన్ ఇంటి కుర్రవాడొకడు ఆ పుస్తకం చదివి మెచ్చుకోవడంతో హయాసెన్ దానిని క్నాఫ్ అనే ప్రచురణ సంస్థ దృష్టికి తీసుకువెళ్లారు. 2003లో ఆ సంస్థ ప్రచురించాకే అది లోకానికి తెలిసింది. మూడు సంపుటాలు అనుకున్న కథ నాలుగై, 2011లో ముగిసేనాటికి రచయితకు ఇరవై ఏడేళ్లు నిండాయి. బాలమేధావి అన్న ఒక్క మాట ఈ పన్నెండేళ్ల శ్రమనూ, ఆ కుటుంబం పెట్టిన పెట్టుబడినీ మరుగుపరుస్తుంది; అది నన్ను నిజంగా బాధిస్తుంది.

అపోహ: ఇది కుర్రవయసు రచయితల పని, పైగా మాయ కాబట్టి ఏది రాసినా చెల్లుతుంది.

వాస్తవం: 1929లో పుట్టిన అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ నవల వెలువరించింది 1968లో. కాస్త పెద్ద పిల్లల కోసం రాయమని ఒక ప్రచురణకర్త అడిగినప్పుడు, కథల్లో ఎప్పుడూ తెల్లగడ్డంతో కనిపించే మాంత్రికులు కుర్రవాళ్లుగా ఉన్నప్పుడు ఎలా ఉండేవారన్న ప్రశ్న ఆమెకు దారి చూపింది. ఆ నవలలోని లోకంలో దేనినైనా వశపరచుకోవాలంటే దాని అసలు పేరు తెలియాలి. ఒక దీవిలో మంత్రంతో వాన కురిపిస్తే మరో దీవిలో కరవు రావచ్చు. మంత్రానికి ఇలా మూల్యం కట్టకపోతే కథానాయకుడికి కష్టం ఉండదు, పాఠకుడికి ఉత్కంఠ ఉండదు. నా చిత్తుప్రతుల్లో ఎక్కువ కొట్టివేతలు పడేది ఇక్కడే.

డబ్బు విషయం క్లుప్తంగా చెబుతాను. ఇంగ్లీషు ప్రచురణకర్తలు ఇచ్చే అడ్వాన్సు బహుమతి కాదు. రాబోయే రాయల్టీలో, అంటే అమ్మకాల మీద రచయితకు దక్కే వాటాలో, ముందుగా ఇచ్చే భాగం. అది అమ్మకాల మీద తీరేవరకు రచయితకు మరో పైసా రాదు.

అపోహ: ఈ తరహా రచన తెలుగుకు కొత్త.

వాస్తవం: 1947లో మొదలైన ‘చందమామ’లో 1950ల నుంచి దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’, ‘మకర దేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’ వంటి ధారావాహికలు రాశారు. అడవులూ, దీవులూ, మాంత్రికులూ, సాహసులైన యువకులూ నిండిన ఆ కథల కోసం చిత్రకారుడు చిత్రా గీసిన బొమ్మలు చూసుకుంటూ తరాల పాఠకులు నెలనెలా ఎదురుచూశారు. నా దగ్గరకు వచ్చే యువ రచయితలకు నేను ముందుగా ఇచ్చేవి ఈ ధారావాహికలే. ప్రతి భాగాన్నీ ఆయన సరిగ్గా ఏ వాక్యం దగ్గర ఆపారో గుర్తుపెట్టి తీసుకురమ్మంటాను.