‘90 శాతం ప్లేస్‌మెంట్’ అంటే ఎంతమందిలో? బూట్‌క్యాంపులు, డిగ్రీల మీద అపోహలు - వాస్తవాలు

"అక్కా, రేపు సాయంత్రంలోగా సీటు బుక్ చేసుకుంటే ఫీజులో 20 శాతం తగ్గిస్తారట. వాళ్ల ప్లేస్‌మెంట్ 90 శాతం ఉందట. ఉద్యోగం మానేసి చేరిపోనా?"

పేర్లూ గడువు తేదీలూ మారతాయి గానీ ఇలాంటి మెసేజ్ నాకు నెలకు రెండుమూడుసార్లు వస్తుంది. పదకొండేళ్లుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ఆరేళ్లుగా మా టీమ్‌లోకి వచ్చే కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేస్తున్నాను. మధ్యలో రెండేళ్లు సాయంత్రం పూట ఒక బూట్‌క్యాంప్‌లో (కొన్ని నెలల్లోనే కోడింగ్ నేర్పే కోర్సు) పాఠాలు కూడా చెప్పాను. నేను చదివింది కంప్యూటర్ సైన్స్ డిగ్రీ. అందరూ నన్ను అడిగేది "డిగ్రీ మేలా, బూట్‌క్యాంప్ మేలా" అనే. కానీ నాకు తెలిసి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు దాదాపు అందరూ దెబ్బతిన్నది ఆ శాతం దగ్గరే. అందుకే ముందు దాని సంగతి చెబుతాను.

అపోహ: "90 శాతం ప్లేస్‌మెంట్ అంటే పదిమంది చేరితే తొమ్మిదిమందికి ఉద్యోగం"

శాతం వేయాలంటే లవం కావాలి, హారం కావాలి. ప్రకటనలో ఆ రెండూ ఉండవు. ఒక బ్యాచ్‌లో 40 మంది చేరారనుకుందాం. 8 మంది మధ్యలోనే మానేశారు. 32 మంది పూర్తి చేశారు. వాళ్లలో నలుగురు కెరీర్ టీమ్ పంపిన మెయిళ్లకు జవాబివ్వలేదు, ఇద్దరు పై చదువుకు వెళ్లారు, ఇద్దరు ఇంట్లో పరిస్థితి వల్ల కొన్నాళ్లు ఆగుతామన్నారు. ఈ ఎనిమిదిమందినీ "ఉద్యోగం వెతకడం లేదు" అనే గంపలో వేస్తారు. మిగిలింది 24. వాళ్లలో 21 మందికి ‘పని’ దొరికింది. 21ని 24తో భాగిస్తే 87.5 శాతం. గుండ్రంగా 90 అంటారు.

ఇప్పుడు ఆ 21 మందిని విడదీసి చూడండి. ముగ్గురు అదే బూట్‌క్యాంప్‌లో టీచింగ్ అసిస్టెంట్లు. నలుగురు ఫ్రీలాన్సర్లు, అంటే ఎవరికో ఒక వెబ్‌సైట్ చేసిపెట్టినవాళ్లు. ఇద్దరు కోడింగ్‌తో సంబంధం లేని పాత ఉద్యోగాలకే తిరిగి వెళ్లారు. డెవలపర్ ఉద్యోగం వచ్చింది 12 మందికి. చేరినవాళ్లు 40 మంది కదా, అంటే 30 శాతం. ఇక్కడ ఎవరూ దొంగ అంకె రాయలేదు. ఎవరిని లెక్కలోకి తీసుకోవాలో మాత్రమే ఎంచుకున్నారు.

ఇది నేను ఊహించి చెబుతున్న భయం కాదు. 2017లో ఫ్లాటైరన్ స్కూల్ అనే బూట్‌క్యాంప్ న్యూయార్క్ రాష్ట్ర అటార్నీ జనరల్‌తో 3,75,000 డాలర్ల సెటిల్‌మెంట్ చేసుకుంది. వాళ్లు ప్రకటించిన ఉద్యోగాల రేటు 98.5 శాతం, సగటు జీతం 74,447 డాలర్లు. ఉద్యోగాల లెక్కలోకి అప్రెంటిస్‌లను, ఫ్రీలాన్సర్లను కూడా తీసుకున్నారు. జీతాల సగటుకు మాత్రం పూర్తికాల ఉద్యోగాల్లో ఉన్నవాళ్లనే తీసుకున్నారు. ఒకే ప్రకటనలో రెండు వేర్వేరు గుంపుల లెక్కలు పక్కపక్కన కూర్చున్నాయన్నమాట. చదివేవాళ్లకు ఆ తేడా ఎలా తెలుస్తుంది?

లాంబ్డా స్కూల్ (తర్వాత బ్లూమ్‌టెక్ అయింది) అనే ఆన్‌లైన్ బూట్‌క్యాంప్ వ్యవహారం ఇంకా పెద్దది. 2024 ఏప్రిల్‌లో అమెరికా వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ సీఎఫ్‌పీబీ ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఆ స్కూల్ 71 నుంచి 86 శాతం ప్లేస్‌మెంట్ అని ప్రచారం చేసుకుంటుంటే లోపలి లెక్కలు 50 శాతం దగ్గర, ఒక్కోసారి 30 శాతందాకా దిగి ఉన్నాయి. ఒక బ్యాచ్‌లో 100 శాతం ప్లేస్‌మెంట్ సాధించామని దాని అధిపతి ట్వీట్ చేశాడు. ఆ లెక్కలో ఉన్న విద్యార్థి ఒక్కరే. మొదటిసారి ఇది చదివినప్పుడు కాసేపు ఇంకే పనీ చెయ్యలేకపోయాను. ఆ ట్వీట్ చూసి ఎంతమంది ఉద్యోగాలు మానేసి ఉంటారు!

నేను పాఠాలు చెప్పిన చోట కూడా ఈ గంపలు చూశాను. నా క్లాసులో ఒకామె ఉండేది. పగలంతా ఉద్యోగం, రాత్రి పిల్లవాణ్ని పడుకోబెట్టి అసైన్‌మెంట్లు. అందరికంటే శుభ్రమైన కోడ్ రాసేది. కోర్సు అయ్యాక నాలుగు నెలలు దరఖాస్తులు పెట్టింది, ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. ప్రతి వారం "ఇంకా వెతుకుతున్నారా?" అని వచ్చే మెయిల్ తెరవాలంటే సిగ్గేసి తెరవడం మానేసింది. ఏడాది చివర నేను రిపోర్టు చూసినప్పుడు ఆమె లేదు. ఉద్యోగం వచ్చినవాళ్లలో లేదు, రానివాళ్లలోనూ లేదు. ఆ తర్వాత నేను అక్కడ ఎక్కువ కాలం ఉండలేకపోయాను.

కాబట్టి డబ్బు కట్టేముందు ఈ ప్రశ్నలు మెయిల్లో రాసి అడగండి. ఫలానా నెలలో మొదలైన బ్యాచ్‌లో మొదటి రోజు ఎంతమంది ఉన్నారు? కోర్సు ముగిసిన 180 రోజుల్లోపు పూర్తికాల డెవలపర్ ఉద్యోగంలో చేరినవాళ్లెందరు? మీ దగ్గరే పనిచేస్తున్నవాళ్లను తీసేస్తే ఎందరు? ఆ అంకెలను మీరు కాకుండా బయటివాళ్లెవరైనా తనిఖీ చేశారా? జవాబు రాతలో రాకుండా ఫోన్ కాల్‌గా వస్తే, ఆ కాల్‌లో "సీట్లు అయిపోతున్నాయి" అన్న మాట వినిపిస్తే, ఇక ఆలోచించకుండా ఫోన్ పెట్టేయండి. మంచి బూట్‌క్యాంపులూ ఉన్నాయి. అవి అంకెలు చెప్పడానికి జంకవు.

అపోహ: "ఉద్యోగం వచ్చాకే కట్టాలి కాబట్టి అది అప్పు కాదు"

అప్పే. ఇన్‌కమ్ షేర్ అగ్రిమెంట్ (ఫీజుకు బదులు రాబోయే జీతంలో వాటా ఇస్తామనే ఒప్పందం) అని పేరు మార్చినంత మాత్రాన మారదు. లాంబ్డా ఒప్పందంలో ఏడాదికి 50,000 డాలర్లు దాటి సంపాదించడం మొదలయ్యాక, పన్నుకు ముందు ఆదాయంలో 17 శాతం చొప్పున 24 వాయిదాలు కట్టాలి, లేదా మొత్తం 30,000 డాలర్లు అయ్యేదాకా కట్టాలి. వడ్డీ లేదన్నారు. కానీ సీఎఫ్‌పీబీ లెక్కలో ఒక్కొక్కరి మీద సగటున 4,000 డాలర్ల ఫైనాన్స్ ఛార్జీ తేలింది. "మీకు జీతం వచ్చేదాకా మాకూ డబ్బు రాదు" అన్న మాటా నిలవలేదు. చాలా ఒప్పందాలను ముందే ఇన్వెస్టర్లకు అమ్మేశారు.

"ఉద్యోగం రాకపోతే ఫీజు వాపస్" అనే గ్యారంటీలను కూడా ఇదే కంటితో చూడండి. వారానికి ఇన్ని దరఖాస్తులు పంపాలి, వాటి రికార్డు చూపాలి, వచ్చిన ఆఫర్ ఏదైనా కాదనకూడదు. ఇలాంటి షరతుల్లో ఒక్క వారం తప్పినా గ్యారంటీ పోతుందని కాంట్రాక్టులో రాసి ఉంటుంది. ఆ పేజీ సంతకానికి ముందు చదవాలి.

అపోహ: "మూడు నెలల కోర్సు, మూడు నెలల ఖర్చు"

చేరడానికి ముందు ప్రిపరేషన్ ఒకటి రెండు నెలలు, కోర్సు మూడు నెలలు, ఆ తర్వాత ఉద్యోగ వేట. వేట ఆరు నెలలు సాగితే మీరు దాదాపు ఏడాది పాటు జీతం లేకుండా ఉన్నట్టే. చాలామంది విషయంలో పోయిన ఆ జీతమే ఫీజు కంటే పెద్దది. డిగ్రీకీ ఇదే లెక్క: ఫీజుతో పాటు నాలుగేళ్ల సంపాదన కూడా కలపాలి. అలా కలిపి చూస్తే, పద్దెనిమిదేళ్ల వయసులో ఉన్నవాళ్లకు డిగ్రీ అంత ఖరీదు కాదు, వాళ్లు వదులుకునే జీతం తక్కువ కాబట్టి. ముప్పై అయిదేళ్లకు, ఇంటి బాధ్యతలతో ఉన్నవాళ్లకు అదే డిగ్రీ చాలా ఖరీదు. ఒకరికి పనికొచ్చిన సలహా ఇంకొకరిని ముంచేది ఇక్కడే.

అపోహ: "కంపెనీలు డిగ్రీ అడగడం మానేశాయి"

ప్రకటనల్లోంచి చాలా కంపెనీలు తీసేసిన మాట నిజం. నియామకాల్లో ఏం జరిగిందన్నది వేరే సంగతి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్, బర్నింగ్ గ్లాస్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 2024లో తెచ్చిన రిపోర్టు ప్రకారం, ఈ మార్పు వల్ల కొత్తగా అవకాశం దొరికింది ప్రతి 700 నియామకాల్లో ఒకరికి కూడా కాదు. విదేశం వెళ్లాలనుకునేవాళ్లకు ఇంకో మెలిక ఉంది. అమెరికా హెచ్-1బి వీసాకు బ్యాచిలర్స్ డిగ్రీ గానీ దానికి సమానమైన అర్హత గానీ కావాలి. సాధారణంగా ఒక ఏడాది కాలేజీకి బదులు మూడేళ్ల అనుభవం లెక్కగడతారు. అంటే డిగ్రీ అసలు లేకపోతే పన్నెండేళ్లు. బూట్‌క్యాంప్ సర్టిఫికెట్ ఆ ఖాళీ పూడ్చదు.

నా క్లాసులో ఉద్యోగం త్వరగా దొరికినవాళ్లు చాలామందికి అప్పటికే ఏదో ఒక డిగ్రీ ఉంది. నర్సింగ్, అకౌంటింగ్, మెకానికల్ ఇంజనీరింగ్, ఏదైనా కావచ్చు. వాళ్లలోని అకౌంటెంట్‌ను తీసుకున్నది అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీయే. ఇలాంటివాళ్లను చూపించి "డిగ్రీ అక్కర్లేదు" అనడం అన్యాయం.

మిగతావి త్వరగా

"డిగ్రీ ఉంటే చాలు." చాలదు. నాలుగేళ్లు చదివి గిట్ (కోడ్‌లో చేసిన మార్పులను భద్రపరిచే టూల్) వాడటం రానివాళ్లను ఇంటర్వ్యూల్లో చూస్తూనే ఉంటాను. బూట్‌క్యాంప్ నుంచి వచ్చినవాళ్లు యాప్ చకచకా కట్టి చూపిస్తారు. కానీ డేటా పెరిగితే క్వెరీ (డేటాబేస్ నుంచి సమాచారం అడిగే ఆదేశం) ఎందుకు నెమ్మదించిందని అడిగితే ఆగిపోతారు. రెండు లోటులూ పూడ్చుకోగలిగినవే.

"డిగ్రీలో రిస్క్ లేదు." ఉంది. అమెరికాలో 2014లో నాలుగేళ్ల కాలేజీల్లో పూర్తికాల విద్యార్థులుగా చేరినవాళ్లలో ఆరేళ్లలోపు అదే కాలేజీలో డిగ్రీ పూర్తి చేసింది 64 శాతం. అప్పు చేసి మధ్యలో ఆగిపోయినవాళ్లదే అన్నిటికంటే కష్టమైన స్థితి. ఇక్కడ కూడా హారం అడగండి.

"యూనివర్సిటీ పేరుంటే యూనివర్సిటీ కోర్సే." చాలా యూనివర్సిటీల పేరు మీద నడిచిన బూట్‌క్యాంపులను నిజానికి నడిపింది 2యు అనే కంపెనీ. 2024 డిసెంబరులో అది బూట్‌క్యాంపులు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2012లో మొదలై ఈ రంగానికే దారి చూపిన డెవ్ బూట్‌క్యాంప్ 2017లోనే మూతపడింది.

"చవగ్గా డిగ్రీ దొరకదు." అమెరికాలోని జార్జియా టెక్ యూనివర్సిటీ 2014లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ మొత్తం ఖర్చు 7,000 డాలర్ల లోపే ఉండేలా తెచ్చారు.

"డబ్బు కట్టకపోతే నేర్చుకోలేం." హార్వర్డ్ ఆన్‌లైన్ కోర్సు సీఎస్50, కోడింగ్ నేర్పే సైట్ ఫ్రీకోడ్‌క్యాంప్ ఉచితం. ఉద్యోగం మానేసే ముందు రెండు నెలలు వీటితో కూర్చోండి. రోజూ కూర్చోగలిగితే చేరాలా వద్దా అన్నది మీకే తెలుస్తుంది. కూర్చోలేకపోతే ఫీజు మిగిలింది.

ఇప్పటికే కట్టేసినవాళ్లకు

నన్ను ఎక్కువ బాధపెట్టేవి మీ మెసేజ్‌లే. "మోసపోయానా అక్కా" అని అర్ధరాత్రి అడుగుతారు. ముందు కాంట్రాక్టు తీసి, మానేస్తే ఎంత వెనక్కి వస్తుందో చూడండి. చాలా కాంట్రాక్టుల్లో అది రోజులతో తగ్గిపోతుంది. మానేయాలనుకుంటే ఇవాళే మెయిల్ పెట్టండి, ఫోన్‌లో చెబితే ఏ తేదీన చెప్పారన్నదానికి రుజువు ఉండదు. కొనసాగాలనుకుంటే క్లాసు ప్రాజెక్టు ఒక్కటే రెజ్యూమేలో పెట్టకండి. అదే ప్రాజెక్టు మీ బ్యాచ్‌లో అందరి రెజ్యూమేల్లోనూ ఉంటుంది, ఇంటర్వ్యూ చేసే మాకు అది వెంటనే తెలిసిపోతుంది. మీ పాత ఉద్యోగంలో మిమ్మల్ని విసిగించిన ఒక పని తీసుకుని దానికి ప్రోగ్రామ్ రాయండి.

పైన చెప్పినామె చివరికి అదే చేసింది. తను పనిచేసే చోటే షిఫ్టుల జాబితా వేసే చిన్న టూల్ రాసింది. ఎనిమిది నెలల తర్వాత అక్కడి ఐటీ విభాగంలోకే మారింది. ఆ సంగతి ఏ రిపోర్టులోకీ ఎక్కలేదు.