పన్ను కాగితాలు: ఏవి దాచాలి, ఎందుకు దాచాలి? అపోహలు - వాస్తవాలు

మనకు ఎంత వచ్చిందో ఆదాయపు పన్ను శాఖకు చాలావరకు తెలుస్తూనే ఉంది. తెలియనిదల్లా మనం కొన్న ధర, పెట్టిన ఖర్చు, పొలం లెక్క. ఏడాది పొడవునా ఫైలు కట్టాల్సింది వీటికే.

అపోహ: ఏఐఎస్‌లో (పన్ను శాఖ సైటులో మన ఏడాది లావాదేవీలు చూపే పట్టీ) అన్నీ ఉంటాయి, కాగితాలెందుకు?

వాస్తవం: స్థలం అమ్మితే అందులో అమ్మిన ధర కనిపిస్తుంది. ఎంతకు కొన్నారో, స్టాంపు డ్యూటీ ఎంతయిందో, ప్రహరీకి ఎంత పెట్టారో ఉండదు. పాత దస్తావేజు, చలానా, మేస్త్రీకి ఇచ్చిన డబ్బుకు రసీదు లేకపోతే లాభం ఎక్కువగా తేలుతుంది, పన్నూ పెరుగుతుంది. ఇంకో సంగతి: జనవరి-మార్చి టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసుకునే పన్ను) లెక్కలు ఇవ్వడానికి బ్యాంకులకు మే 31 దాకా గడువుంది. ఏప్రిల్‌లోనే ఏఐఎస్ చూసి రిటర్ను వేసేస్తే తర్వాత చేరిన వడ్డీ తప్పిపోతుంది. జూన్ 15 దాటాక మళ్లీ దించుకోండి. ఆ ఫైలు పాస్‌వర్డు: పాన్ నంబరు చిన్న అక్షరాల్లో, దాని పక్కనే పుట్టిన తేదీ ఎనిమిది అంకెల్లో.

అపోహ: సేద్యానికి పన్ను లేదు, లెక్క అక్కర్లేదు.

వాస్తవం: అనంతపురంలో ఉద్యోగం, ఊళ్లో చీనీ తోట ఉన్నవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. పంట ఆదాయం 5,000 రూపాయలు దాటితే ఐటీఆర్-1 (జీతగాళ్ల సులువైన రిటర్ను ఫారం) పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలి. జీతం పన్ను పరిమితి దాటినవాళ్లకు పంట ఆదాయాన్ని కలిపి రేటు కడతారు. పంట మీద పన్ను పడదు గానీ జీతం ఇంకా ఎక్కువ రేటున్న శ్లాబుకు ఎక్కొచ్చు. ఖర్చులు పోను 5 లక్షలకు మించి మిగిలితే జిల్లా, పిన్‌కోడు, విస్తీర్ణం, సొంతమా కౌలా, నీటి వసతా వర్షాధారమా అన్నీ రాయాలి. 1బి (భూమి హక్కుల పత్రం), ఈ-క్రాప్ (ప్రభుత్వ పంట నమోదు) కాగితం, తూకం చీటీ, మండీ పట్టీ, ఎరువుల బిల్లులు, కోత కూలీల నోటుబుక్కు ఒకే కవర్లో ఉండాలి. మిషన్ చీటీలు థర్మల్ కాగితం, నెలల్లోనే అక్షరాలు మాసిపోతాయి. ప్లాస్టిక్ కవర్లో పెడితే ఇంకా తొందరగా. తెచ్చిన రోజే జిరాక్సు తీయించి, అసలుకు పిన్ను కొట్టండి.

అపోహ: 12 లక్షల దాకా పన్నే లేదు కదా!

వాస్తవం: 2025-26 కొత్త విధానంలో ఆ రిబేటు (పన్ను మాఫీ) జీతం, పెన్షన్, వడ్డీలాంటి మామూలు ఆదాయానికే. బంగారం, స్థలం 24 నెలలు దాటాక అమ్మిన లాభానికి వర్తించదు. ప్రొద్దుటూరులో పాత నగ ఇచ్చి కొత్తది చేయించుకున్నా చట్టం లెక్కలో అమ్మకమే. 24 నెలలు దాటిన నగ లాభంపై 12.5 శాతం. అమ్మ ఇచ్చిన నగకు ఆమె కొన్న ధరే మీకూ ధర, కాబట్టి ఆమె బిల్లూ దాచండి. పేరు, తేదీ, బరువు, తరుగు లేని కచ్చా చీటీని నమ్ముకోవద్దు.

అపోహ: ఏ కాగితమైనా ఏడేళ్లు ఉంచితే చాలు.

వాస్తవం: 2023-24 ఆదాయంపై తిరిగి విచారించే నోటీసు మామూలుగా 2028 జూన్ 30 దాకా రావచ్చు; దాచిన ఆదాయం 50 లక్షలు, అంతకు మించితే 2030 జూన్ 30 దాకా. ఆస్తి, బంగారం కాగితాలకు మాత్రం గడువు మొదలయ్యేదే అమ్మాక.

అపోహ: రిటర్ను పంపితే పని అయిపోయినట్టే.

వాస్తవం: 30 రోజుల్లో ఈ-వెరిఫై (రిటర్ను మనదేనని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించడం) చేయాలి. దాటితే వెరిఫై చేసిన తేదీనే దాఖలు తేదీగా తీసుకుంటారు, ఆలస్య రుసుము పడొచ్చు.