గీత ఎందుకు వంగింది: మైకేలిస్–మెంటెన్ సమీకరణం వెనక కథ

ఇంటర్ బైపీసీ చదివినవాళ్లకు ఆ బొమ్మ గుర్తుండే ఉంటుంది. అడుగున చక్కెరలాంటి పదార్థం గాఢత, పక్కన ఎంజైమ్ (శరీరంలో రసాయన చర్యలను వేగిరపరిచే ప్రోటీన్) దాన్ని మార్చే వేగం. గీత మొదట జోరుగా ఎక్కి, మెల్లగా వంగి, ఆఖరికి దాదాపు చదునైపోతుంది. దాని పక్కనే మైకేలిస్, మెంటెన్ అని రెండు పేర్లు. మార్కుల కోసం మనం బట్టీపట్టే ఆ సమీకరణం 1913లో అచ్చయింది. కానీ అందులోని అసలు ఊహ వాళ్లది కాదు.

కథ చక్కెరతో మొదలైంది. చక్కెర ద్రావణం ధ్రువిత కాంతిని, అంటే ఒకే తలంలో కంపించే కాంతిని, కుడికి తిప్పుతుంది. అది గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోయేకొద్దీ తిరుగుడు ఎడమకు మారుతుంది. కోణం చూస్తే చాలు, ఎంత చక్కెర మిగిలిందో తెలిసిపోతుంది. 1850లో జర్మనీలో విల్‌హెల్మీ ఆమ్లంతో చక్కెరను విడగొడుతూ ఇలాగే కొలిచారు. చక్కెర ఎంత ఉంటే వేగం అంత. లెక్క చక్కగా కుదిరింది.

ఆమ్లం బదులు ఈస్ట్‌లోని ఇన్వర్టేజ్ ఎంజైమ్ వాడితే మాత్రం కుదరలేదు. ఒక హద్దు దాటాక చక్కెర ఎంత పోసినా వేగం పెరగదు. ఎంజైమ్ ముందు చక్కెరను పట్టుకుంటుందని, కాసేపు ఆ జంట నిలిచి తర్వాతే విడిపోతుందని 1902లో ఇంగ్లండ్‌లో ఏడ్రియన్ బ్రౌన్ వివరించారు. ఆయనది బీరు తయారీ రంగం. వడ్డించేవాళ్లు నలుగురే అయితే బంతిలో ఎంతమందిని కూర్చోబెట్టినా వడ్డన జోరందుకోదు కదా. మరుసటి ఏడాదే పారిస్‌లో విక్టర్ ఆన్రీ దీన్ని సమీకరణంగా రాసేశారు. ఇప్పుడు మనం చదివేదీ దాదాపు అదే.

మరి పేరెందుకు దక్కలేదు? కొలతల్లో చిక్కుంది. ద్రావణం ఎంత ఆమ్లంగా ఉందన్నది ఆన్రీ అదుపులో లేదు. పీహెచ్ కొలమానం 1909లో గానీ రాలేదు, కోపెన్‌హాగన్‌లో సోరెన్‌సెన్ దాన్ని తెచ్చారు. పైగా అప్పుడే విడివడిన గ్లూకోజ్ వెంటనే స్థిరపడదు, దాని కోణం కాసేపు మారుతూనే ఉంటుంది.

బెర్లిన్‌లో ఒక ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తున్న లియోనార్ మైకేలిస్ దగ్గరికి కెనడాకు చెందిన మాడ్ మెంటెన్ అనే డాక్టర్ వచ్చారు. ఇద్దరూ ఎసిటేట్ బఫర్‌తో పీహెచ్‌ను కట్టడి చేశారు. ఎప్పటికప్పుడు కొంత ద్రావణం తీసి సోడా కలిపారు. ఆ క్షారంతో ఎంజైమ్ ఆగిపోయింది, గ్లూకోజ్ కూడా త్వరగా స్థిరపడింది. విడిపోయిన చక్కెరలు ఎంజైమ్‌కు అడ్డుపడకముందే, అంటే తొలి నిమిషాల వేగాన్నే లెక్కలోకి తీసుకున్నారు. గరిష్ఠ వేగంలో సగానికి కావాల్సిన చక్కెర గాఢత 0.0167 మోలార్ అని తేలింది. లీటరుకు 5.7 గ్రాముల చక్కెరన్నమాట. 2011లో వాళ్ల అంకెలను కంప్యూటర్‌తో మళ్లీ లెక్కించి చూసినా నిలబడ్డాయి. ఆన్రీ ముందే చెప్పారని వాళ్లే వ్యాసంలో ఒప్పుకున్నారు కూడా. ఊహకు కాకుండా శుభ్రమైన కొలతకు పేరు దక్కడం నాకైతే అన్యాయం అనిపించదు.

1925లో బ్రిగ్స్, హాల్డేన్ ఈ సమీకరణం పునాదిని ఇంకాస్త సడలించారు. ఎంజైమ్–చక్కెర జంట సమతాస్థితికి (జంట కట్టడం, తిరిగి విడివడడం సరిసమానమయ్యే స్థితికి) చేరనక్కర్లేదు, దాని మొత్తం మారకుండా ఉంటే చాలన్నారు. ఈ హాల్డేనే 1957లో ఇండియాకు వచ్చేసి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశారు. వీలునామా ప్రకారం ఆయన దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. మన బైపీసీ పిల్లలకు ఈ ముక్క చెప్పేవాళ్లు తక్కువ.

ఆ చదును గీత పరీక్షలతోనే అయిపోదు. మద్యం తాగితే లివర్‌లోని ఎంజైమ్ కొద్దిపాటికే నిండిపోతుంది. ఆపైన ఎంత తాగినా అది కరిగించే వేగం పెద్దగా మారదు, కాఫీ తాగినా లాభం లేదు. ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్‌తో ఇంకా టెన్షన్. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ మామూలు మోతాదులోనే నిండడానికి దగ్గరపడుతుంది. అందుకే డోసు కాస్త పెంచినా రక్తంలో మందు ఒక్కసారిగా పైకి లేస్తుంది. డాక్టర్లు ఆ మాత్రను కొద్దికొద్దిగానే పెంచి, మధ్యలో రక్తపరీక్ష చేయిస్తారు.