సాఫ్ట్ స్కిల్స్: తరగతి గదిలో వినే అపోహలు, పనిలో కనిపించే వాస్తవాలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల డిగ్రీ, డిప్లొమా విద్యార్థులకు కొన్నేళ్లుగా సాఫ్ట్ స్కిల్స్, అంటే పనిలో మనుషులతో మాట్లాడే, కలిసి నడుచుకునే నేర్పు, నేర్పుతున్నాను. చదువు పూర్తయ్యాక వీరిలో చాలామంది జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌లోని మందుల కంపెనీలకో, చౌటుప్పల్ వైపు పరిశ్రమలకో, హైదరాబాద్ ఆఫీసులకో వెళ్తారు. 2023లో రెండు జిల్లా కేంద్రాల్లోనూ ఐటీ టవర్లు ప్రారంభమైనప్పటి నుంచి ఈ శిక్షణ గురించి అడిగే తల్లిదండ్రులు కూడా పెరిగారు. వారు అడిగే ప్రశ్నల్లో, పిల్లలు మనసులో పెట్టుకుని వచ్చే నమ్మకాల్లో కొన్ని వారికి నిజంగా నష్టం చేస్తున్నాయి కాబట్టి వాటి గురించి వివరంగా రాస్తున్నాను.

అపోహ: ఇంగ్లీషు ధారాళంగా వస్తే సాఫ్ట్ స్కిల్స్ వచ్చినట్టే.

వాస్తవం: ‘సాఫ్ట్ స్కిల్స్’ అన్న పేరును వాడుకలోకి తెచ్చింది అమెరికా సైన్యం. 1972లో దీని మీద ఒక సదస్సే జరిపి, యంత్రాలతో చేసే పనులను ఒక వైపు, మనుషులను నడిపించడం, పర్యవేక్షించడం, సలహా చెప్పడం వంటి వాటిని మరో వైపు పెట్టి చూశారు. ఆ విభజనకు మూలం పని స్వభావమే తప్ప భాష కాదు. ఇంగ్లీషు అక్కర్లేదని నేను అనను. మెయిళ్లు, పని విధానాల పత్రాలు అందులోనే ఉంటాయి కాబట్టి నేర్చుకోవలసిందే. కానీ అది వేరే పాఠం.

తరగతిలో నేను ఇచ్చే ఒక అభ్యాసం ఉంది. మోటర్ ఆగిపోయింది, సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి చెప్పాలి. ఇంగ్లీషు మీడియంలో చదివిన ఒక విద్యార్థి నిమిషం సేపు తడబడకుండా మాట్లాడాడు గానీ, మోటర్ మళ్లీ ఎప్పుడు నడుస్తుందో అందులో లేదు. తర్వాత దేవరకొండ వైపు నుంచి వచ్చిన అమ్మాయి లేచి, “సార్, రెండు గంటలకు మోటర్ ఆగింది. బేరింగ్ పోయింది. కొత్తది రేపు పదింటికి వస్తది. అప్పటిదాకా రెండో మోటర్ మీద నడిపిస్తున్నం” అని చెప్పి కూర్చుంది. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎప్పటికి సరవుతుంది, ఈలోగా ఏం చేస్తున్నాం అన్న నాలుగూ నాలుగు వాక్యాల్లో వచ్చాయి. ఆమె యాసను నేను దిద్దలేదు, దిద్దవలసిన అవసరమూ లేదు. ఇదే విషయాన్ని ఇంగ్లీషులో రాయడం ఆమెకు మూడు వారాల్లో వచ్చింది. మొదటి అబ్బాయికి ఆ నాలుగు విషయాలూ గుర్తుపెట్టుకుని చెప్పడం అలవాటు కావడానికి అంతకంటే ఎక్కువ కాలం పట్టింది.

అపోహ: పెద్దవాళ్లు ఏం చెప్పినా “అట్లనే సార్” అనడమే మర్యాద.

వాస్తవం: మా ప్రాంతంలో అన్నిటికంటే లోతుగా నాటుకున్న నమ్మకం ఇదే, దీని మూలం తెలియకుండా పిల్లలను తప్పుపట్టడం అన్యాయం. పాలమూరు నుంచి ముంబైకి, ఇంకా దూర ప్రాంతాలకు వలస వెళ్లిన కుటుంబాల్లో మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకున్న మనిషి ఎదురు ప్రశ్న వేస్తే పనే పోయేది. నోరు మెదపకపోవడం ఆ తల్లిదండ్రులకు ఇల్లు నడిపిన జాగ్రత్త. అదే జాగ్రత్తతో పిల్లలు మందుల కంపెనీలోకి అడుగుపెడితే అక్కడ మౌనం ప్రమాదమవుతుంది.

ఒక్కో విడత మందు తయారీ వివరాలు రాసే అక్కడి బ్యాచ్ రికార్డునే చూడండి. రీడింగు తప్పుగా రాస్తే వైట్‌నర్ పూయకూడదు, కొట్టేసి నల్లగా గీకకూడదు, కాగితం మార్చకూడదు. పాత అంకె కనిపించేలా ఒకే ఒక్క అడ్డగీత గీసి, పక్కన సరైన అంకె వేసి, సంతకం, తేదీ పెట్టాలి. అవసరమైతే కారణం కూడా రాయాలి. తప్పు చేయడం అక్కడ దిద్దుకోదగిన విషయం, దాచడం ఉద్యోగం పోయే విషయం. నేను తరగతికి ఖాళీ ఫారాలు తెచ్చి, పిల్లల చేత కావాలనే తప్పు అంకె రాయించి, ఈ పద్ధతిలో దిద్దిస్తాను. మొదటిసారి అందరి చెయ్యీ అలవాటుగా గీకడానికే పోతుంది. గీత సరిగా గీశాక, పక్కనున్న వ్యక్తినే షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా భావించి “ఇక్కడ నేను తప్పు రాశాను సార్” అని నోటితో చెప్పాలి. ఎక్కువ మందికి గీత కంటే ఆ వాక్యమే కష్టం.

కాదని చెప్పడమూ ఇలాగే నేర్పవలసిందే. “ఇది కూడా చేస్తాను సార్, కానీ అప్పుడు పొద్దున చెప్పిన పని సాయంత్రానికి పూర్తి కాదు. రెండింట్లో ఏది ముందు కావాలి?” అనడంలో అమర్యాద ఏమీ లేదు.

అపోహ: సంభాషణలో 93 శాతం హావభావాలు, స్వరమే, మాటల విలువ 7 శాతం.

వాస్తవం: మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో ప్రచురించిన చిన్న ప్రయోగాల నుంచి ఈ అంకెలు వచ్చాయి. విడి మాటలను వేర్వేరు స్వరాల్లో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, మాట్లాడే వ్యక్తికి ఎదుటివారి మీద ఉన్నది ఇష్టమా అయిష్టమా అన్నది మాత్రమే అందులో అడిగారు. భావోద్వేగాల గురించి కాని మాటలకు ఈ లెక్క వర్తించదని ఆయనే స్పష్టం చేశారు. తొలి ఏళ్లలో నేను కూడా ఈ అంకెను బోర్డు మీద రాశాను. సంగతి తెలిశాక, ఆ పాఠం విన్న బ్యాచ్‌లకు ఫోన్ చేసి మరీ చెప్పాను. ఎందుకంటే దీన్ని నమ్మినవారు ఇంటర్వ్యూకు ముందురోజంతా కూర్చునే తీరు, కరచాలనం సాధన చేసి, తమ ప్రాజెక్టు ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పలేకపోతున్నారు.

అపోహ: ఇవి ఆఫీసు ఉద్యోగాలకే, రెండు రోజుల వర్క్‌షాప్‌తో వచ్చేస్తాయి.

వాస్తవం: బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో కుట్టుపని చేసే మహిళలకు నెలల తరబడి, మొత్తం సుమారు 80 గంటల శిక్షణ ఇచ్చి, అది అందని వారితో ఆర్థికవేత్తలు పోల్చి చూశారు. సంభాషణ, సమయపాలన, సమస్యా పరిష్కారం అందులోని అంశాలు. శిక్షణ పొందినవారి ఉత్పాదకత 13 శాతానికి పైగా ఎక్కువగా తేలింది. జీతాలు మాత్రం నామమాత్రంగానే పెరిగాయి. అందుకే జీతం పెంచమని అడిగే పద్ధతిని కూడా నా పాఠాల్లో చేర్చాను.

నా తరగతిలో ఇప్పుడు వారానికి ఒకసారి షిఫ్ట్ మార్పిడి అభ్యాసం ఉంటుంది. ఒకరు రెండు నిమిషాల్లో పని అప్పగిస్తారు, రెండోవారు విన్నది తిరిగి చెబుతారు, మధ్యలో జారిపోయినదాన్ని బోర్డు మీద రాస్తాం. కొత్త బ్యాచ్‌లలో మొదటి వారం దాదాపు ఎప్పుడూ జారిపోయేది సమయం. ఎనిమిదో వారానికి బోర్డు మీద రాయడానికి ఒకటో రెండో మిగులుతాయి.