సమ్మె చేసి సాధించుకున్న చదువు

2023 జనవరిలో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం ఒక కొత్త కోర్సును తిప్పికొట్టింది. హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి పాఠాలు చెప్పే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పథకంలో భాగంగా రూపొందిన ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్‌ను, అంటే అమెరికా నల్లవారి చరిత్ర, సంస్కృతుల అధ్యయనాన్ని, తమ బడుల్లో అనుమతించేది లేదని అక్కడి విద్యాశాఖ తేల్చిచెప్పింది. అప్పటికి ఆ కోర్సు ఇంకా ప్రయోగదశలోనే ఉంది, దేశం మొత్తం మీద 60 పాఠశాలల్లో నడుస్తోంది. అంతకు మూడేళ్ల ముందు కాలిఫోర్నియా దీనికి పూర్తిగా ఎదురుదారి పట్టింది. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీలో పట్టా పుచ్చుకోవాలంటే ఎథ్నిక్ స్టడీస్‌లో (నల్లవారు, ఆదివాసీలు, ఆసియన్, లాటిన్ అమెరికన్ మూలాలవారి గురించిన చదువులో) ఒక కోర్సు తప్పనిసరిగా చదవాలని 2020లో చట్టం చేసింది. ఒకచోట తప్పనిసరి అయిన చదువు మరోచోట ఎందుకు కంటగింపు అయింది? ఇది నిన్నమొన్నటి ఎన్నికల రాజకీయం అనుకుంటే సగమే అర్థమవుతుంది. ఈ చదువు విశ్వవిద్యాలయాలు పిలిచి పీట వేసినది కాదు. లోపలికి రావడానికి అది ఎంత పెనుగులాడిందో, వచ్చాక నిలవడానికీ అంతే పెనుగులాడుతోంది.

మొదటి తరం పండితులు దీన్ని చాలావరకు పెద్ద విశ్వవిద్యాలయాల బయటే పెంచారు. బానిసత్వం నుంచి బయటపడిన దంపతులకు 1875లో పుట్టిన కార్టర్ వుడ్‌సన్ వెస్ట్ వర్జీనియా బొగ్గుగనుల్లో పనిచేసి, ఇరవయ్యో ఏట హైస్కూల్లో చేరారు. 1912లో హార్వర్డ్ నుంచి చరిత్రలో డాక్టరేట్ అందుకున్నారు. నల్లవారి చరిత్ర కోసం 1915లో సొంతంగా ఒక సంఘాన్ని, మరుసటి ఏడాది ఒక పత్రికను, 1926లో ఏటా ఫిబ్రవరిలో జరిగే చరిత్ర వారోత్సవాన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు అమెరికా అంతటా జరిగే బ్లాక్ హిస్టరీ మంత్ ఆ వారోత్సవం నుంచి పెరిగినదే. ప్యూర్టోరికోలో పుట్టిన ఆర్టురో షాంబర్గ్ న్యూయార్కులో ఒక బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూ, ఆఫ్రికా సంతతివారు రాసిన పుస్తకాలు, చేతిరాతలు, చిత్రాలు వెతికి వెతికి కూడబెట్టారు. 1926లో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ ఆ భాండారాన్ని 10,000 డాలర్ల కార్నెగీ నిధులతో కొని, నల్లవారి పేట అయిన హార్లెంలోని శాఖలో పెట్టింది.

విలియం లియో హాన్స్‌బెరీ సంగతి మరింత బాధాకరం. 1922 నుంచి, నల్లవారి కోసం ఏర్పడిన హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రాచీన ఆఫ్రికా చరిత్ర చెప్పిన ఈ అధ్యాపకుడికి డాక్టరేట్ రాలేదు. ఆయన ఎంచుకున్న విషయంలో పరిశోధన చేయించగలవారు ఆనాటి అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో లేకపోవడమే కారణం. ఆయన దగ్గర చదువుకున్న న్నామ్డి అజికివే తర్వాత నైజీరియా తొలి అధ్యక్షుడయ్యారు. ఆ దేశంలోని న్సుక్కా విశ్వవిద్యాలయం 1963లో హాన్స్‌బెరీ పేరిట ఆఫ్రికా అధ్యయన సంస్థను నెలకొల్పింది. సరిగ్గా అదే ఏడాది ఆక్స్‌ఫర్డ్ చరిత్రాచార్యుడు హ్యూ ట్రెవర్-రోపర్, ఆఫ్రికాలో యూరోపియన్ల చరిత్ర తప్ప మరేదీ లేదని, మిగిలినదంతా చీకటేనని ఉపన్యసించారు.

గోడ బద్దలైంది 1968లో, సాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో. దీనికి రెండేళ్ల ముందే అక్కడి విద్యార్థులు బ్లాక్ స్టూడెంట్ యూనియన్‌గా ఏర్పడి, ప్రయోగాత్మక తరగతుల్లో నల్లవారి కళ, చరిత్ర తామే చెప్పుకోసాగారు. మరోవైపు, హైస్కూలు మార్కుల్లో పై మూడోవంతులో ఉన్నవారికే స్టేట్ కాలేజీల్లో సీటు అన్న 1960 నాటి కాలిఫోర్నియా ప్రణాళిక పేద నల్ల పిల్లలకు తలుపులు మూసేసింది. బ్లాక్ స్టడీస్‌కు (ఈ చదువుకు అప్పటి పేరు అది) రూపురేఖలు దిద్దడానికి సామాజిక శాస్త్రవేత్త నాథన్ హేర్‌ను కాలేజీ నియమించింది గానీ, విభాగం మాత్రం ఎంతకీ కదల్లేదు. ఇంగ్లీషు బోధకుడు, నల్లవారి తీవ్రవాద రాజకీయ సంస్థ బ్లాక్ పాంథర్ పార్టీ నాయకుడు జార్జ్ ముర్రేను సస్పెండ్ చేయడంతో ఓపిక నశించింది. నవంబరు 6న సమ్మె మొదలైంది.

బ్లాక్ స్టూడెంట్ యూనియన్ పది కోర్కెలు పెట్టింది. డిగ్రీ ఇచ్చే అధికారంతో సొంత విభాగం కావాలి, ఇరవై మంది పూర్తికాలపు అధ్యాపకులు కావాలి, దరఖాస్తు పెట్టిన ప్రతి నల్ల విద్యార్థికీ సీటు కావాలి, ముర్రే ఉద్యోగం నిలవాలి. లాటిన్ అమెరికన్, ఆసియన్, ఆదివాసీ మూలాల విద్యార్థులు థర్డ్ వరల్డ్ లిబరేషన్ ఫ్రంట్‌గా ఏర్పడి మరో ఐదు కోర్కెలు జతచేశారు. ప్రాంగణంలో లాఠీలు లేచాయి, కాలేజీ అధ్యక్షుడు రాజీనామా చేశాడు. ఆయన స్థానంలో వచ్చిన ఎస్.ఐ. హయకావా భాషాశాస్త్ర పండితుడు. డిసెంబరు 2న ఆయన స్వయంగా విద్యార్థుల మైకు వ్యాను పైకెక్కి, కెమెరాల ముందే లౌడ్‌స్పీకర్ వైర్లు పీకేశారు. టీవీల్లో ఆ దృశ్యం చూసినవారిలో ఎందరికో ఆయన వీరుడయ్యాడు, ఎనిమిదేళ్లకు సెనేటర్‌గా కూడా గెలిచాడు. జనవరిలో అధ్యాపకుల సంఘం కూడా సమ్మెకు దిగింది. ఆ నెల 23న ఒక్కరోజే నాలుగు వందల మందికి పైగా అరెస్టయ్యారు.

మార్చిలో ఒప్పందం కుదిరింది. బ్లాక్ స్టడీస్ విభాగం వచ్చింది, అమెరికాలోనే మొదటిదైన ఎథ్నిక్ స్టడీస్ కళాశాల వచ్చింది. ముర్రేకు మాత్రం ఉద్యోగం తిరిగి రాలేదు. నాథన్ హేర్ కాంట్రాక్టును కూడా పొడిగించలేదు. విభాగానికి ఊపిరి పోసిన మనిషినే అందులో ఉండనివ్వకపోవడం నా దృష్టిలో ఆ గెలుపుకు పడ్డ పెద్ద తూటు. ఎవరిని నియమించాలి, డబ్బు ఎంత ఇవ్వాలి అన్న నిర్ణయాలు పాలకవర్గం చేతిలోనే ఉండిపోయాయి. ఆ తర్వాత ఎన్నో విభాగాలను బక్కచిక్కించింది కూడా ఆ రెండు పట్టులే.

1969 ఏప్రిల్‌లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో నల్ల విద్యార్థులు ఒక భవనాన్ని ఆక్రమించడం, దాడి భయంతో తెప్పించుకున్న తుపాకులతోనే బయటికి రావడం దేశాన్ని కుదిపేసింది. అక్కడ ఏర్పడిన ఆఫ్రికానా (ఆఫ్రికా, ఆఫ్రికా సంతతివారి) అధ్యయన కేంద్రానికి తొలి డైరెక్టర్ జేమ్స్ టర్నర్. ఆఫ్రికాను, అమెరికాలను, కరీబియన్‌ను విడదీయకుండా చదవాలన్నది ఆయన పట్టుదల. అప్పటికి ఆఫ్రికా అధ్యయనం అంటే, 1948లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో మొదలైన పద్ధతిలో, ఎక్కువగా తెల్లజాతి నిపుణుల చేతిలో ఉండేది. ప్రచ్ఛన్నయుద్ధ కాలంలో ప్రభుత్వానికి, ఫౌండేషన్లకు ఆ ఖండం మీద ఆసక్తి హెచ్చింది. అక్కడి నుంచి బానిసలుగా తరలిపోయినవారి సంతతి మీద ఆ ఆసక్తి లేదు.

తెలుగువారు అమెరికా చేరిన దారి కూడా ఈ చరిత్రలోదే. జాతి, మూలదేశం చూసి వీసాలు తూచే పాత కోటాలను రద్దుచేసిన 1965 వలస చట్టం, నల్లవారి పౌరహక్కుల పోరాటం తెచ్చిన ఒత్తిడిలోనే నెగ్గింది. మన డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో వెళ్లగలిగింది ఆ చట్టం పుణ్యమా అనే. అక్కడ చదివే మన పిల్లలు ఈ కోర్సును పనికిరాని సబ్జెక్టుగా తీసిపారేస్తే నాకు మనసు చివుక్కుమంటుంది.

అట్లాంటిక్ చుట్టూ తిరిగిన ఈ చదువును హిందూ మహాసముద్రం వైపు మళ్లించినవారిలో హోవర్డ్ చరిత్రకారుడు జోసెఫ్ హారిస్ ముఖ్యులు. ఆసియాలోని ఆఫ్రికన్ల మీద ఆయన పుస్తకం 1971లో వచ్చింది. ఇథియోపియాలో పుట్టి, బానిసగా చేతులు మారి, అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపించి మొగలులను ముప్పుతిప్పలు పెట్టిన మాలిక్ అంబర్ దక్కన్ చరిత్రలో తిరుగులేని పేరు. వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు పెంచిన ఆఫ్రికన్ అశ్వికదళం పందొమ్మిదో శతాబ్దంలో నిజాం కొలువుకు చేరింది. హైదరాబాద్‌లో మాసబ్‌ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ ఆ ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేటే. నిజాం సంస్థానం పోయాక కొలువు పోయినా ఆ కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి. పాతబస్తీ పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫా, యెమెన్ అరబ్బులు, సిద్దీలు (ఆఫ్రికా మూలాలవారు) ఈ నగరానికి ఇచ్చిన వాద్యం.

ఢిల్లీ విశ్వవిద్యాలయంలో 1955లోనే ఆఫ్రికా అధ్యయన విభాగం వచ్చింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో 1996 నుంచి ప్రవాస భారతీయుల అధ్యయన కేంద్రం ఉంది. మనవాళ్లు ఎక్కడెక్కడికి వెళ్లారో చదివే చోటే, మన దగ్గరికి ఎవరొచ్చారో కూడా చదవవచ్చు. నిజాం కాలపు ఫార్సీ, ఉర్దూ దస్త్రాలున్న రాష్ట్ర అభిలేఖాగారం తార్నాకలో, హబ్షీల (ఆఫ్రికన్ల) పేరు మోసే హబ్సిగూడకు కూతవేటు దూరంలో ఉంది. ఆ దస్త్రాలు చదవగల విద్యార్థులు కావాలి. ఏసీ గార్డ్స్‌లో ముసలివారి జ్ఞాపకాలను వారు ఉండగానే రికార్డు చేసేవారు కావాలి. ఆ పేట పిల్లలకే ఆ తరగతిలో మొదటి సీట్లు దక్కాలి.